మొదటి సోలో విదేశీ ప్రయాణం: శ్రీలంకా, వియత్నామా, నేపాలా, స్పెయినా?

"సోలోగా ఎక్కడికైనా వెళ్ళాలనుంది, ఏ దేశమైతే బాగుంటుంది?" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. అలా అడిగినవాళ్ళని నేను తిరిగి ఒకటి అడుగుతాను: ఇంటి దగ్గర మీ పనుల్లో ఏవేవి వేరేవాళ్ళు చేసిపెడుతున్నారు? టికెట్లు తమ్ముడు తీస్తాడు. హోటల్ వాళ్ళతో నాన్న మాట్లాడతారు. ఏం తినాలో, ఎక్కడ దిగాలో ఫ్రెండ్స్ తేలుస్తారు. ఓ గంట ఊరికే కూర్చోవాల్సి వస్తే ఫోను ఆదుకుంటుంది. మీరు వెళ్ళాల్సిన దేశం దాదాపుగా ఈ జవాబులోనే ఉంటుంది. ఒక్కో దేశం ఒక్కో రకం కష్టం పెడుతుంది మరి. మీకు ఆల్రెడీ అలవాటైన కష్టాన్నే పెట్టే చోటికి లక్షలు పోసి వెళితే ఫొటోలు వస్తాయి, అంతే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. బ్రేకప్ అయి నెల కాలేదు, ఉద్యోగం పోయింది, నిద్ర పట్టడం లేదు, తిండి సయించడం లేదు అనే స్థితిలో ఉంటే ఇప్పుడు వద్దు. తెలియని ఊళ్ళో రాత్రి తొమ్మిదింటికి గది తలుపు వేసుకున్నాక ఆ బాధ రెండింతలవుతుంది, పలకరించే మనిషీ ఉండరు. ముందు డాక్టర్‌కి చూపించుకోండి, ప్రయాణం ఎక్కడికీ పోదు. అలాగే క్రెడిట్ కార్డు ఈఎంఐల మీద వెళ్ళే ఎదుగుదల యాత్ర మీద నాకు బొత్తిగా నమ్మకం లేదు.

మౌనమే కావాలంటే విమానం ఎందుకు

"నాకు కావాల్సింది ప్రశాంతత, కొన్నాళ్ళు ఎవరితో మాట్లాడకుండా ఉండాలి" అనేవాళ్ళకి నేను చెప్పే మొదటి చిరునామా హైదరాబాదే. వనస్థలిపురం దాటాక నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త అనే విపశ్యన (మౌన ధ్యాన) కేంద్రం ఉంది, 1976లో మొదలైంది. పది రోజుల కోర్సు. చేరగానే ఫోను ఇచ్చేయాలి, పుస్తకం, పెన్ను కూడా ఉండవు. తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళ కళ్ళలోకి కూడా చూడకూడదు. ఫీజు లేదు, అంతకుముందు కోర్సు చేసినవాళ్ళ విరాళాలతోనే నడుస్తుంది. బాలీకో మరోచోటికో వెళ్ళి "హీలింగ్ రిట్రీట్" పేరుతో కట్టే డబ్బు చూశాక, ఇది మన ఊళ్ళోనే ఉందన్న సంగతి చాలామందికి తెలియకపోవడం నాకు విడ్డూరంగా అనిపిస్తుంది.

లేదు, దేశం దాటాల్సిందే అంటే రెండు చోట్లు చెప్పగలను. కాఠ్మాండూలో బౌద్ధనాథ్ స్తూపం దగ్గర కొండ మీద ఉండే కోపన్ మఠంలో ఏటా నవంబరులో నెల రోజుల ధ్యాన శిక్షణ జరుగుతుంది, చిన్న కోర్సులు కూడా ఉంటాయి. టిబెటన్ బౌద్ధం, బోధన ఇంగ్లీషులో. శ్రీలంకలో కాండీ దగ్గర తేయాకు కొండల మీద నిలంబె ధ్యాన కేంద్రం ఉంది, నియమాలు విపశ్యన అంత కఠినం కావు. బుద్ధి కుదురుగా ఒక చోట కూర్చోబెట్టడానికి ఇవి మంచివే. కానీ సోలో ప్రయాణం నేర్పేవాటిని ఇవి నేర్పవు. గేటు లోపలికి వెళ్ళాక మీ రోజంతా వేరేవాళ్ళు వేసిన టైమ్‌టేబుల్ ప్రకారమే నడుస్తుంది.

శ్రీలంక, వియత్నాం: అసలు పోటీ ఇక్కడే

మొదటిసారి ఒంటరిగా వెళ్ళేవాళ్ళలో ఎక్కువమందికి కావాల్సింది నిర్ణయాలు తీసుకునే అలవాటు. దానికి ఈ రెండు దేశాలూ సరిపోతాయి. ఖర్చు మరీ భయపెట్టదు, దూరమూ ఎక్కువ కాదు. తేడా ఎక్కడంటే, శ్రీలంకలో తప్పు జరిగితే సర్దుకునే ఆసరా అడుగడుగునా దొరుకుతుంది. వియత్నాంలో అంత సులువుగా దొరకదు.

చెన్నైలో ఎక్కితే గంటన్నరలో కొలంబో. భోజనంలో అన్నం, పప్పు, కొబ్బరి పచ్చడి లాంటి పొల్ సంబోల్, ఇడియాప్పం, దోసె ఉంటాయి కాబట్టి కడుపు మొదటి రోజునుంచే మీ వైపు ఉంటుంది. ఇంగ్లీషు నడుస్తుంది, కాస్త తమిళం వచ్చినవాళ్ళకైతే తేయాకు కొండల్లోనూ జాఫ్నా వైపూ ఇంట్లో ఉన్నట్టే. గెస్ట్‌హౌస్‌లు చాలామటుకు ఇళ్ళే. ఆ ఇంటావిడ "ఒక్కదానివే వచ్చావా, ఇంట్లో ఏమనలేదా?" అని మన పక్కింటి పిన్నిలాగే అడుగుతుంది, అడిగి ఇంకో గరిటె పప్పు వడ్డిస్తుంది. కొంతమందికి ఇది ధైర్యం. ఇంకొంతమంది సరిగ్గా ఈ ప్రశ్న నుంచి తప్పించుకోవడానికే ఇల్లు వదిలారు, వాళ్ళకి శ్రీలంక వద్దు.

నడిచేవాళ్ళకి అక్కడ మంచి దారి ఒకటి వచ్చింది. కాండీ దగ్గర హంతాన నుంచి నువర ఎలియా దాకా తేయాకు తోటల్లోంచి మూడువందల కిలోమీటర్ల పైచిలుకు సాగే పీకో ట్రెయిల్, మొత్తం 22 భాగాలు. ఒక్కో భాగాన్ని పొద్దున బయల్దేరి సాయంత్రానికి ముగించొచ్చు. కాండీ నుంచి ఎల్లా వెళ్ళే రైలు ఫొటోలు అందరూ చూసే ఉంటారు. అయితే 2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుఫానుకి కొండ ప్రాంతంలో రైలు మార్గం బాగా దెబ్బతింది, మీరు వెళ్ళే నాటికి ఏ సెక్షన్ నడుస్తోందో చూసుకుని ప్లాన్ చేయండి. వానల లెక్క కూడా తెలిసుండాలి: దక్షిణ, పడమటి తీరాలకి డిసెంబరు నుంచి మార్చి, తూర్పు తీరానికి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు. ఆడవాళ్ళకి ఒక హెచ్చరిక: బీచ్ ఊళ్ళలో మాట కలిపి వెంటపడే కుర్రాళ్ళు తగులుతారు. మన దగ్గర ఎలా ముఖం తిప్పుకుని నడుస్తామో అక్కడా అంతే.

ఇక వియత్నాం. బోర్డులు రోమన్ అక్షరాల్లోనే ఉంటాయి కాబట్టి చదివేయగలమనిపిస్తుంది. నోరు తెరిచి పలికితే ఎవరికీ అర్థం కాదు, ఎందుకంటే స్వరం మారితే మాటే మారిపోతుంది. టాక్సీ, తిండి, గది, బస్సు అన్నీ మీరే చేతులతోనూ ఫోనులో అనువాదంతోనూ నవ్వుతోనూ తేల్చుకోవాలి. మొదటి రెండు రోజులు చిరాకే. మూడో రోజు నుంచి, మాట రాకపోయినా పని జరుగుతుందని తెలిశాక, భుజాల మీది బరువు దిగుతుంది.

హోచిమిన్ సిటీలో రోడ్డు దాటడం ఒక్కటి చాలు, ఆ దేశం మీకు ఏం నేర్పుతుందో అర్థమవడానికి. అమీర్‌పేటలో మనం చెయ్యెత్తి, సందు చూసి, పరిగెడతాం. అక్కడ అలా చేస్తే ప్రమాదం. అంచు దిగి, బండ్లవైపు చూస్తూ, నెమ్మదిగా ఒకే వేగంతో నడుచుకుంటూ పోవాలి. ఆగకూడదు, వెనక్కి అడుగు వేయకూడదు. మీరు ఎటు వెళ్తున్నారో వాళ్ళకి తెలిస్తే వందల మోటార్‌సైకిళ్ళు మీ ముందు నుంచీ వెనక నుంచీ చీలిపోతాయి. మొదటిసారి ఎవరైనా స్థానిక పెద్దావిడ పక్కన చేరి ఆమెతోపాటు దాటండి. నేను చూసినంతవరకు చాలామంది అక్కడ ఒంటరిగా ఉన్నామన్న భయం పోగొట్టుకునేది ఏ గుడిలోనో కాదు, ఈ రోడ్డు మీదే. (బస్సులు, కార్లు మాత్రం చీలవు, వాటికి ఆగాల్సిందే.)

శాకాహారులకి వియత్నాం కష్టమంటారు, సగం నిజం. కూరగాయల్లో కూడా చేపల సాస్ వేస్తారు, అది నిజం. కానీ "చాయ్" అన్న బోర్డు ఉన్న హోటళ్ళు బౌద్ధుల శాకాహార హోటళ్ళు, ప్రతి పట్నంలో ఉంటాయి. చాంద్రమాసంలో మొదటి రోజు, పదిహేనో రోజు చాలామంది వియత్నామీయులే మాంసం మానేస్తారు కాబట్టి ఆ రోజుల్లో ఇంకా సులువు. టీ అనుకుని లోపలికి వెళ్ళకండి.

వెళ్ళేవాళ్ళందరూ చేసే పొరపాటు హనోయ్ నుంచి హోచిమిన్ సిటీ దాకా మొత్తం దేశాన్ని పది రోజుల్లో కుక్కడం. రైలు దారి ఒక్కటే 1,726 కిలోమీటర్లు. సగం రోజులు స్లీపర్ బస్సుల్లోనే పోతాయి, మిగతా సగం చెక్‌లిస్టు కొట్టుకోవడంలో. మధ్య వియత్నాం చాలు. హ్యూ నుంచి దానాంగ్‌కి హై వాన్ కనుమ చుట్టూ సముద్రం పక్కన రైలు, అక్కడి నుంచి హోయాన్, హోయాన్ నుంచి గంట దూరంలో 'మీ సన్' అనే చోటు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన చాంపా రాజులు కట్టించిన శివాలయాలు అవి. మన పురావస్తు శాఖవాళ్ళు అక్కడ మరమ్మతులు చేస్తుండగా 2020లో తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా శివలింగం ఒకటి బయటపడింది. ఫిబ్రవరి నుంచి ఈ ప్రాంతం పొడిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో వరదలొచ్చి హోయాన్ వీధుల్లో పడవలు తిరుగుతాయి, అప్పుడు వద్దు.

ఈ-వీసా 90 రోజుల దాకా ఇస్తారు, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. ప్రభుత్వ సైటును పోలిన ఏజెంట్ల సైట్లు సెర్చ్‌లో పైన కనిపిస్తాయి, చూసుకోండి. మగపిల్లలకి ఇంకో మాట. ఉత్తర వియత్నాంలోని హా జియాంగ్ కొండల్లో బైకు తోలుదామని చాలామంది కలలు కంటారు. మన ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ 1949 ఒప్పందం ప్రకారం ఇచ్చేది, వియత్నాం గుర్తించేది 1968 ఒప్పందం పర్మిట్‌ని. అంటే పోలీసులు ఆపితే జరిమానా, పడితే ఇన్సూరెన్స్ రాదు. స్థానికుడు తోలుతుంటే వెనక కూర్చుని వెళ్ళే పద్ధతి ఉంది, లోయలు చూడటానికి అదే మేలు.

ఒళ్ళు అలిస్తేనే మనసు దారికొచ్చేవాళ్ళకి

నేపాల్‌కి వీసా అక్కర్లేదు, విమానంలో వెళ్ళేవాళ్ళకి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. పెద్దవాళ్ళకి ఆధార్ చెల్లదు (15 ఏళ్ళ లోపు, 65 దాటినవాళ్ళకి మినహాయింపు), ఎయిర్‌పోర్టులో వెనక్కి తిరిగేవాళ్ళు దీనివల్లే తిరుగుతారు. మన రూపాయికి వాళ్ళవి 1.60, ఎప్పటినుంచో స్థిరం. పోఖరా నుంచి నాలుగైదు రోజుల్లో అయిపోయే పూన్ హిల్, 3,210 మీటర్లు, మొదటిసారికి చక్కగా సరిపోతుంది. ఉల్లెరి దగ్గర మూడు వేలకు పైగా రాతి మెట్లు ఎక్కాలి. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్ళకి అదేమంత భయపెట్టదు, కాకపోతే ఇక్కడ వీపున సంచి ఉంటుంది. అన్నపూర్ణ బేస్ క్యాంపు 4,130 మీటర్లు, అది రెండోసారికి దాచుకోండి. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తుని రోజుకి అయిదు వందల మీటర్లకి మించి పెంచకూడదు. తలనొప్పి, వాంతులు మొదలైతే దిగడమే మందు.

టీ హౌస్‌లో (ట్రెక్కింగ్ దారిలో రాత్రి బస చేసే చిన్న లాడ్జి) సాయంత్రాలు బాగుంటాయి. గది చవకే, కానీ భోజనం అక్కడే చేయాలన్నది అలిఖిత ఒప్పందం. రాత్రి ఏం కావాలో మధ్యాహ్నమే నోటుపుస్తకంలో రాసుకుంటారు. హాలు మధ్యలో పొయ్యి, దాని చుట్టూ ఆరేసిన సాక్సుల వాసన, పప్పన్నం మళ్ళీ మళ్ళీ వడ్డించే చిన్న కుర్రాడు, ఫోను ఛార్జింగ్‌కి విడిగా డబ్బు. సిగ్నల్ సరిగ్గా లేదు కాబట్టి ఎదురుగా కూర్చున్నవాళ్ళతో మాట్లాడక తప్పదు.

కానీ ఇది ఒంటరి ప్రయాణమా? 2023 ఏప్రిల్ నుంచి చాలా ట్రెక్కింగ్ దారుల్లో లైసెన్సు ఉన్న గైడు తప్పనిసరి అన్నారు. అమలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి గైడు ఉండటమే మంచిదని నా అభిప్రాయం. అప్పుడు దారి, వేగం, మజిలీ అన్నీ ఆయనవే. మీ నడక మాత్రం మీది. నిర్ణయాలు నేర్చుకోవాలనుకునేవాళ్ళు నేపాల్‌ని అందుకే రెండో స్థానంలో పెట్టుకోవాలి.

స్పెయిన్‌లో కామినో దె సాంతియాగోకి (సాంతియాగో నగరంలోని చర్చి దాకా నడిచే పాత క్రైస్తవ యాత్రా దారి) ఇదే చిక్కు వేరే రూపంలో ఉంటుంది. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి పూర్తి దారి దాదాపు 780 కిలోమీటర్లు, నెల పైన పడుతుంది. సెలవు లేనివాళ్ళు సార్రియా నుంచి చివరి నూటపదిహేను కిలోమీటర్లు నడుస్తారు, ఆరేడు రోజులు. కనీసం వంద కిలోమీటర్లు నడిచి, దారిలో రోజూ ముద్రలు వేయించుకున్నవాళ్ళకే చివర్లో యాత్ర పూర్తిచేసినట్టు పత్రం ఇస్తారు. పసుపు బాణాలు చూసుకుంటూ పోవడమే, తప్పిపోవడం కష్టం. మీ దగ్గర మిగిలేది మనుషులు. అదే పడకల హాల్లో, అదే భోజనాల బల్ల దగ్గర, అవే ముఖాలు రోజూ సాయంత్రం కనిపిస్తాయి. పేరు, ఊరు అయ్యాక వచ్చే ప్రశ్న "ఎందుకు నడుస్తున్నావు?" ఉద్యోగం, జీతం, కులం, పెళ్ళి ప్రస్తావన లేకుండా అపరిచితులతో అంతసేపు మాట్లాడటం మనలో చాలామందికి జీవితంలో మొదటిసారి. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలని మనిషికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

ఇబ్బంది షెంగెన్ వీసా (స్పెయిన్ సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా). ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల ఇన్సూరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, ఆఫీసు లీవు లెటరు. దారి చివర్లో వచ్చే గలీసియా ప్రాంతపు ప్రభుత్వ వసతి గృహాల్లో ముందస్తు బుకింగ్ ఉండదు, ముందొచ్చినవాళ్ళకే మంచం. వీసా ఫైల్లో చూపించడానికి ప్రైవేటు వసతులు బుక్ చేసుకోవాలి. గుడ్డు కూడా తినని శాకాహారులు అక్కడ బ్రెడ్డు, సలాడ్, బంగాళాదుంపల మీద బతకాలి. విదేశం ఎప్పుడూ వెళ్ళని పాస్‌పోర్టుతో మొదటి ప్రయత్నంగా నేను దీన్ని సిఫారసు చేయను.

జపాన్ గురించి జనం చెప్పనిది

ఒంటరిగా తిరగడానికి ప్రపంచంలోనే సుఖమైన దేశమని అందరూ చెప్తారు, నిజమే. హోటల్లో ఒక్కరు కూర్చునే బల్లలు, తలుపు దగ్గర మిషన్‌లో బటన్ నొక్కి టోకెన్ ఇస్తే నూడుల్స్ వచ్చేస్తాయి, రాత్రి పదకొండింటికి ఆడపిల్ల ఒక్కతే రైలెక్కినా ఎవరూ తలెత్తి చూడరు. కాబట్టే బిడియస్తులకి ఇది ఉచ్చు. వారం రోజులు ఒక్క మాట మాట్లాడకుండా గడిపి తిరిగి రావచ్చు, హైదరాబాద్ ఫ్లాట్లో గడిపినట్టే. పని ఒత్తిడితో, మనుషులతో విసిగిపోయినవాళ్ళకి మాత్రం దీన్ని మించింది లేదు. వెళ్తే కోయాసాన్ కొండ మీద గుళ్ళ వసతిలో ఒక రాత్రి ఉండండి, పూర్తి శాకాహార భోజనం పెడతారు. ఆ గుళ్ళని నడిపే షింగోన్ బౌద్ధ శాఖవాళ్ళు తమ గురుపరంపరలో మన నాగార్జునుణ్ణి కూడా లెక్కేసుకుంటారు.

థాయ్‌లాండ్ మంచి దేశమే. కానీ ఆ పేరు చెప్పగానే ఇంట్లో ముఖాలు మారతాయి, అది సర్దిచెప్పడానికే సగం ఓపిక అయిపోతుంది.

ఇంట్లో ఒప్పించడం, ఫోనుతో ఒప్పందం

"పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి వెళ్ళొచ్చుగా" అన్నదానికి వాదన పనికిరాదు, కాగితం పనికొస్తుంది. ఏ రోజు ఏ ఊరు, హాస్టల్ ఫోన్ నంబరు, ఆ దేశంలో మన రాయబార కార్యాలయం నంబరు, ఇన్సూరెన్సు కాపీ ప్రింటు తీసి అమ్మ చేతికివ్వండి. రోజుకి ఒకసారి, ఒకే టైముకి ఫోను చేస్తానని చెప్పి ఆ మాట తప్పకండి. లైవ్ లొకేషన్ మాత్రం పెట్టొద్దు. పెడితే ఆటో తప్పు సందులోకి తిరిగిన ప్రతిసారీ ఇంటి నుంచి కాల్ వస్తుంది, ఇక మీరు ఒంటరిగా ఉన్నట్టు లెక్క కాదు. మొదటి రాత్రి గది ముందే బుక్ చేసుకోవడం, వెలుగుండగా దిగే విమానం ఎంచుకోవడం, ఆడవాళ్ళైతే విమెన్స్ డార్మ్ తీసుకోవడం, ఈ మూడింటిలో బేరం లేదు. కార్డు గీకినప్పుడు మిషన్ "రూపాయల్లోనా, స్థానిక కరెన్సీలోనా" అని అడిగితే స్థానిక కరెన్సీనే నొక్కండి, రూపాయలంటే వాళ్ళ రేటు వేసుకుంటారు.

పది పన్నెండు రోజులు, రెండు ఊళ్ళు. అంతకన్నా ఊళ్ళు పెంచకండి. నాలుగో రోజో అయిదో రోజో విసుగు పుడుతుంది, చూడాల్సినవి అయిపోతాయి, టిఫిన్ చేసిన చోటే మళ్ళీ టిఫిన్ చేస్తారు, ఆ హోటల్ ఆయన మిమ్మల్ని గుర్తుపడతాడు. ఆ విసుగు వచ్చినప్పుడు కొత్త ఊరికి బస్సు ఎక్కేయకుండా అక్కడే ఉండగలరా అన్నదే పరీక్ష.

నన్నే తేల్చమంటే, ముప్పై ఏళ్ళ లోపు ఉద్యోగికి మధ్య వియత్నాం. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మొదటిసారి తన కోసం బయల్దేరుతున్న యాభై ఏళ్ళ ఆవిడకి శ్రీలంక. ఇదివరకే రెండు మూడు దేశాలు తిరిగి, మనుషుల మధ్య మాట రాని ఇబ్బంది ఉన్నవాళ్ళకి కామినో. ఏదీ తేలనివాళ్ళు టికెట్ కొనేముందు ఒక శుక్రవారం రాత్రి హంపీకో గోకర్ణకో పుదుచ్చేరికో ఒక్కరే బస్సెక్కండి. అరుణాచలం వద్దు, గిరి ప్రదక్షిణలో అడుగడుక్కీ మనవాళ్ళే పలకరిస్తారు. రెండు రాత్రులు ఉండండి, బుకింగ్ మీరే చేసుకోండి, హోటల్లో బల్ల దగ్గర ఫోను తీయకుండా ఒక్కరే భోంచేయండి. ఆదివారం సాయంత్రం ఇంకో రోజుంటే బాగుండు అనిపిస్తే వియత్నాం ఈ-వీసాకి అప్లై చేయండి. బస్టాండ్‌కి రెండు గంటల ముందే వెళ్ళి కూర్చుంటే శ్రీలంక గెస్ట్‌హౌస్‌లు చూడటం మొదలుపెట్టండి.